కొత్త సాదా ఫిల్మ్ కెమెరానా, వాడిన పాత కెమెరానా: కొనే ముందు చూసుకోవలసినవి

ఫిల్మ్ కెమెరా కొనాలనుకునేవారు మొదట ధర అడుగుతారు. అది సహజమే గాని, ఈ విషయంలో కెమెరా ధర దగ్గర ఆలోచన మొదలుపెడితే లెక్క తప్పుతుంది. కెమెరాకు డబ్బు ఒక్కసారే పెడతాము. రీలు కొనడానికి, కడిగించడానికి, స్కాన్ చేయించడానికి, కొరియరుకు మాత్రం మళ్లీ మళ్లీ పెడుతూనే ఉంటాము. 36 ఫోటోల కలర్ రీలు ఒకటి కొన్నప్పటి నుంచి ఫోటోలు చేతికి వచ్చేవరకు ఎంత అవుతుందో మీకు దొరికిన ధరలతో కాగితం మీద వేసి చూడండి. అలాంటి రీళ్లు కొన్ని అయ్యేసరికి ఆ ఖర్చు సాదా కెమెరా ధరను దాటిపోతుంది. కాబట్టి ఏ కెమెరా చవక అన్నదాని కంటే, మీరు తీయాలనుకున్న చోట ఏ కెమెరా తక్కువ రీళ్లు పాడుచేస్తుంది అన్నదే అసలు ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఉండి కెమెరా కొనేవారిని దృష్టిలో పెట్టుకుని, ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతుక్కోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు కొత్త కెమెరాల సంగతి. నేడు కొత్తగా అమ్ముతున్న సాదా కెమెరాల్లో కోడక్ ఎం35, ఇల్ఫోర్డ్ స్ప్రైట్ 35-2, కోడక్ ఎక్టార్ హెచ్35 వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. కోడక్ పేరుతో వచ్చే ఈ కెమెరాలను ఆ పేరు వాడుకునే హక్కు పొందిన ఇతర సంస్థలు తయారుచేస్తున్నాయి. పేరు ఏదైనా లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే. ఎం35లో 31 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ లెన్స్ ఉంటుంది, దాని ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/10 దగ్గర స్థిరంగా ఉంటుంది, షట్టర్ వేగం ఎప్పుడూ సెకనులో 120వ వంతే, ఫోకస్ మార్చే వీలు లేదు. మీటరు దూరం నుంచి అవతల ఉన్నదంతా ఒక మోస్తరు స్పష్టంగా పడుతుంది. సన్న సెల్లు ఒకటి వేస్తే అది ఫ్లాష్‌కు మాత్రమే పనిచేస్తుంది. సెల్లు లేకపోయినా పగటి వెలుతురులో ఫోటో పడుతుంది. రీలు తిప్పడం, చివర వెనక్కి చుట్టడం అన్నీ చేత్తోనే.

ఇందులో మనం మార్చగలిగింది ఏమీ లేదు కాబట్టి, వెలుతురు మారినప్పుడు ఈ కెమెరా ఏం చేస్తుందో ముందుగానే లెక్క కట్టవచ్చు. మంచి ఎండలో ఎఫ్/16 దగ్గర, ఫిల్మ్ వేగానికి (వెలుతురుకు ఫిల్మ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే 200, 400 వంటి అంకె) సమానమైన షట్టర్ వేగంతో, అంటే 200 ఫిల్మ్‌కు సెకనులో 200వ వంతుతో తీస్తే ఫోటో సరిగ్గా వస్తుందన్నది పాత ఫోటోగ్రాఫర్లందరికీ తెలిసిన సూత్రం. దాని ప్రకారం 200 వేగం ఫిల్మ్ వేసిన ఎం35 నడి ఎండలో అవసరమైన దానికన్నా సుమారు రెండు స్టాపుల వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది (ఒక స్టాపు ఎక్కువంటే వెలుతురు రెట్టింపు, ఒకటి తక్కువంటే సగం). 400 వేగం ఫిల్మ్ వేస్తే మూడు స్టాపులు ఎక్కువవుతుంది. కలర్ నెగటివ్ ఈ ఎక్కువను బాగానే ఓర్చుకుంటుంది. అదే 400 ఫిల్మ్ చెట్టు నీడలో గాని, దట్టమైన మబ్బు కింద గాని వాడితే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కు అందే వెలుతురు) దాదాపు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో రాత్రి దీపాల వెలుతురుకు వచ్చేసరికి మాత్రం అయిదారు స్టాపులు తక్కువ పడుతుంది, అంటే కావలసిన వెలుతురులో ముప్ఫయ్యో వంతో, అరవయ్యో వంతో మాత్రమే ఫిల్మ్‌కు చేరుతుంది. అక్కడ ఫ్లాష్ ఒక్కటే ఆధారం, అది రెండు మూడు మీటర్ల అవతలికి చాలదు. నెగటివ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకున్నట్టు తక్కువ వెలుతురును ఓర్చుకోదు. నీడల్లో ఏమీ నమోదు కాకపోతే స్కానింగులో ఎంత సవరించినా మట్టి రంగు, మచ్చలు తప్ప మరేమీ రాదు. అందుచేత ఇలాంటి కెమెరా కొన్నవారు 400 ఫిల్మ్ అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఈ లెక్కను మన ఊళ్లకు అన్వయించి చూడండి. ఉదయం పూట కళింగపట్నం తీరం, మధ్యాహ్నం విజయనగరం కోట బయటి గోడలు, శాలిహుండం కొండ మీది ఇటుక కట్టడాలు, స్నేహితులతో నాగావళి ఒడ్డు, ఇవన్నీ ఈ సాదా కెమెరాకు అనుకూలమైన చోట్లు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అనుకూలం కాదు. సిరిమాను ఊరేగింపు మధ్యాహ్నం దాటాక మొదలై గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. చివరి విడతకు వచ్చేసరికి ఎండ దిగిపోయి ఉంటుంది, పైగా జనం మధ్య ఎక్కడో దూరంగా నిలబడక తప్పదు. 31 మిల్లీమీటర్ల లెన్స్ వెడల్పుగా చూస్తుంది కనుక మాను కొసన కూర్చున్న పూజారి ఆకాశం మీద చిన్న చుక్కగా మిగిలిపోతారు, ఆ వెలుతురులో కింది జనం నల్లగా ముద్దకడతారు. అదే రోజు అదే చోట దూరపువాటిని దగ్గరగా చూపే 135 మిల్లీమీటర్ల లెన్స్ బిగించిన పాత ఎస్ఎల్ఆర్‌తో (లెన్సులోంచే చూసి తీసే, లెన్సు మార్చుకోగల కెమెరాతో) నిలబడినవారికి ఆయన ముఖం, చేతిలోని విసనకర్ర కూడా దక్కుతాయి. తేలినీలాపురం చెట్ల మీది పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగల కోసమైతే కొత్త సాదా కెమెరా అసలు పనికిరాదు.

ఎక్టార్ హెచ్35 గురించి విడిగా ఒక మాట చెప్పాలి. 2022లో వచ్చిన ఈ కెమెరా ఒక ఫ్రేమును సగం చేసి తీస్తుంది కాబట్టి 36 ఫోటోల రీలులో 72 పడతాయి. రీలు ఖర్చు సగమవుతుందని చాలామంది దీన్ని ఎంచుకుంటారు. వారానికోసారి బయటికి వెళ్లి తీసేవారికి అది నిజంగా లాభమే. పండగకో పెళ్లికో మాత్రమే కెమెరా బయటికి తీసేవారికి 72 పూర్తికావడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ రీలు మన వేడిలో, తేమలో కెమెరా లోపలే ఉండిపోతుంది. అలాంటివారు మామూలు ఫ్రేము కెమెరాలో 24 ఫోటోల రీలు వేసుకోవడమే నయం. 2024లో పెంటాక్స్ 17 అనే మరో సగం ఫ్రేము కెమెరా కొత్తగా వచ్చింది. దానిలో ఎఫ్/3.5 గాజు లెన్స్, దూరాన్ని బట్టి ఫోకస్ మార్చే ఏర్పాటు, వెలుతురు కొలిచి ఎక్స్‌పోజర్ తనంతట తానే చూసుకునే మీటరు ఉన్నాయి. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర సుమారు 500 డాలర్లు. మంచి కెమెరాయే గాని, దాన్ని సాదా కెమెరాల లెక్కలో వేయలేము.

ఇక వాడిన కెమెరాలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చాలామంది మోసపోతారు. మన ఇళ్ల బీరువాల్లో ఎక్కువగా దొరికేవి యాషికా ఎంఎఫ్-2, కోడక్ కేబీ10 వంటి స్థిర ఫోకస్ కెమెరాలు. ఇవి కూడా ఒకనాటి సాదా కెమెరాలే. కేబీ10 కోసం డబ్బు పెట్టడంలో అర్థం లేదు, ఎందుకంటే అది చేసే పనిని కొత్త ఎం35 కూడా చేస్తుంది, పైగా కొత్తదానికి ఫ్లాష్ పనిచేస్తుందన్న భరోసా ఉంటుంది. ఇంట్లో నాన్నగారిదో, మేనమామదో ఉంటే మాత్రం తుడిచి, సెల్లు వేసి, ఒక రీలు వేసి చూడండి. ఖర్చు లేని చోట ప్రయోగం చేయడంలో నష్టం లేదు. ఎంఎఫ్-2 బాగా పనిచేస్తున్నదైతే కొత్త ప్లాస్టిక్ కెమెరా కన్నా నేను దాన్నే ఇష్టపడతాను, దాని గాజు లెన్స్ అందుకు కారణం.

ఆ బీరువాల్లోనే కనిపించే మరికొన్నిటికి ఫిల్మ్ దొరకడమే కష్టం. 110 కార్ట్రిడ్జి కెమెరాలకు రీళ్లు అరుదు, ఏపీఎస్ అనే మరో రకం రీళ్ల తయారీ 2011లోనే ఆగిపోయింది. ఆగ్ఫా క్లిక్-3కి మాత్రం 120 ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతోంది. రీలుకు 12 చదరపు ఫోటోలు వస్తాయి. కొనబోయే కెమెరా 35 మిల్లీమీటర్ల రీలు తీసుకునేదేనా అన్నది మొట్టమొదట నిర్ధారించుకోండి.

రెండవ రకం, మోటారుతో, ఆటోఫోకస్‌తో పనిచేసే చిన్న కెమెరాలు. వీటికి ఇప్పుడు గిరాకీ ఎక్కువ, ధరలూ ఎక్కువే. ఇవి పూర్తిగా సర్క్యూట్ మీద ఆధారపడతాయి. సర్క్యూట్ పోతే విడిభాగాలు దొరకవు, బాగుచేసేవారూ చేతులెత్తేస్తారు. తొలి కెమెరాగా వీటిని కొనవద్దని గట్టిగా చెబుతాను.

మూడవ రకం, చేతితో నడిచే మెకానికల్ ఎస్ఎల్ఆర్‌లు. ఒకప్పుడు పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియోల్లో కనిపించిన పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000, నికాన్ ఎఫ్ఎం10, రష్యా నుంచి వచ్చిన జెనిత్ ఈ కోవకు చెందుతాయి. 1976 నుంచి 1997 వరకు తయారైన కె1000లో షట్టర్ సెకను నుంచి సెకనులో 1000వ వంతు వరకు సెల్లు లేకుండానే పనిచేస్తుంది. లోపలి మీటరు ముల్లు కదలడానికి మాత్రమే గుండీ సెల్లు ఒకటి కావాలి. దీని మీటరుకు వేరే స్విచ్ లేదు కాబట్టి వాడనప్పుడు లెన్స్‌కు మూత పెట్టి ఉంచకపోతే సెల్లు అయిపోతుంది. ఎఫ్ఎక్స్-3కి అలాంటివే రెండు సెల్లులు వేయాలి, దాని మీటరు చిన్న దీపాలతో చూపిస్తుంది. జెనిత్‌లో వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు వరకే ఉంటాయి. పాత జెనిత్-ఇ మోడలుకు సెల్లే అవసరం లేదు గాని, దానిలో వెలుతురుతోనే నడిచే సెలీనియం మీటరు చాలా కెమెరాల్లో ఇప్పటికే నీరసించి ఉంటుంది. ఈ కెమెరాలకు 50 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్స్ ఉంటే, 400 ఫిల్మ్‌తో, సెకనులో 30వ వంతు వేగంతో, చేయి కదలకుండా పట్టుకుని ఇంటి దీపాల వెలుతురులోనే ఫ్లాష్ లేకుండా ఫోటో తీయవచ్చు. ఫోటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవారికి నేను సూచించేది ఈ రకమే, అది కూడా చేతిలో పట్టుకుని పరీక్షించగలిగినప్పుడే.

ఈ షరతు ఎందుకంటే, మన పట్టణాల్లో పాత కెమెరా బాగుచేయించుకోవడం సులువు కాదు. దూరప్రాంతం నుంచి తెప్పించిన కెమెరా పాడైతే దాన్ని మళ్లీ ఎక్కడికో పంపి, వారాలు ఎదురుచూడాలి. కాబట్టి మూతపడిన స్టూడియో యజమానులను అడిగి చూడటం, అవసరమైతే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులోనో విజయనగరంలోనో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి అమ్మేవారి ఎదుటే కెమెరాను చూడటం తెలివైన పని. వెళ్లేటప్పుడు టార్చి ఉన్న ఫోను, కొత్త గుండీ సెల్లులు రెండు, ఒక టూత్‌పిక్, మెత్తని గుడ్డ పట్టుకెళ్లండి.

కెమెరా చేతికి రాగానే వెనుక తలుపు తెరవకండి. రీలు వెనక్కి చుట్టే పిడిని బాణం దిశలో మెల్లగా తిప్పండి. బిగువు తగిలితే లోపల రీలు ఉందన్నమాట. దాన్ని ముందు పూర్తిగా వెనక్కి చుట్టించి యజమానికి ఇచ్చేయండి. అందులో ఎవరింటి ఫోటోలున్నాయో వారికే తెలియాలి. ఆ తర్వాత తలుపు తెరిచి, అంచు వెంట ఉన్న గాడిలో నల్లటి ఫోమ్‌ను టూత్‌పిక్‌తో తాకి చూడండి. పాతబడ్డ ఫోమ్ తారులా అంటుకుంటుంది లేదా పొడిగా రాలిపోతుంది. వెలుతురు లోపలికి దూరకుండా ఆపేది ఈ ఫోమే. ఇది పోయి ఉంటే కెమెరా వదులుకోనక్కరలేదు, జిగురున్న ఫోమ్ పట్టీలు తెచ్చి ఇంట్లోనే అతికించుకోవచ్చు. అయితే ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి చెప్పి తగ్గించమని అడగండి. అద్దం పైకి లేచి తాకే చోట కూడా ఇలాంటి ఫోమే ఉంటుంది, అది కరిగి అద్దానికి అంటుకుందేమో చూడండి.

షట్టర్ పరీక్షకు కొంచెం తీరిక కావాలి. లెన్స్ తీసి, వెనుక తలుపు తెరిచి ఉంచి, కెమెరాను తెల్లని గోడ వైపో ఆకాశం వైపో (సూర్యుడి వైపు మాత్రం కాదు) పట్టుకుని అన్ని వేగాలూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. సెకను వేగం నిజంగా సెకనుంటుందో లేదో చెవితోనే తెలుస్తుంది. పాతబడిన నూనె గట్టిపడితే ఈ నెమ్మది వేగాలే ముందుగా దెబ్బతిని సాగుతాయి, లేదా మధ్యలో ఆగిపోతాయి. 1000వ వంతు దగ్గర ఫ్రేమంతా ఒక్కలా మెరవాలి. ఒక పక్క నల్లగా కనిపిస్తే షట్టరులో ఒకదాని వెనుక ఒకటి కదిలే రెండు తెరల్లో ఒకటి వెనుకబడుతోందని అర్థం, ఆ కెమెరాతో ఎండలో తీసిన ప్రతి ఫోటోకూ ఒక అంచు చీకటే మిగులుతుంది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో ఉంటే ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు. వెనుక నుంచి వీడియో తీస్తూ సెకనులో 60వ వంతు దగ్గర నొక్కితే షట్టర్ సుమారు నాలుగు ఫ్రేముల పాటు తెరుచుకుని కనిపించాలి, 30వ వంతు దగ్గర ఎనిమిది ఫ్రేములు. ఒకటి అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. నాలుగుండవలసిన చోట ఎనిమిది కనిపిస్తే ఆ కెమెరా వద్దు. గుడ్డ తెరలున్న కె1000, జెనిత్ వంటివాటిలో తెరను టార్చి వెలుగులో చూడండి, సూది మొనంత రంధ్రమున్నా ప్రతి ఫోటో మీదా తెల్ల చుక్క పడుతుంది.

లెన్స్ విషయంలో మన తీర ప్రాంతం వారికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది, అది ఫంగస్. తేమ గాలిలో, తోలు సంచీలో, ఏళ్ల తరబడి బీరువాలో మగ్గిన లెన్సుల్లో అది పడటం సాధారణం. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, టార్చిని వెనుక నుంచి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. సాలీడు దారాల్లాంటి సన్నని గీతలు కనిపిస్తే అది ఫంగస్. అంచున చిన్న మచ్చ ఉంటే ఫోటో మీద ప్రభావం దాదాపు ఉండదు గాని, మధ్య భాగాన్ని ఆక్రమించి ఉంటే ఎండకు ఎదురుగా తీసిన ఫోటోలన్నీ పాలపొర కప్పినట్టు వస్తాయి. దుమ్ము రేణువులు, పై అద్దం మీద చిన్న గీత చూసి కంగారు పడనక్కరలేదు. ఎపర్చర్ రేకులు నూనె లేకుండా పొడిగా ఉండి, మీట కదపగానే చటుక్కున మూసుకోవాలి. ఆ తర్వాత లెన్సును కెమెరాకు బిగించి, ఫోకస్ రింగును అనంతం గుర్తు దగ్గరికి తిప్పి, దూరంగా ఉన్న గోపురాన్నో సెల్ టవర్నో చూడండి. అది చెదరకుండా కనిపించాలి, వ్యూఫైండర్ మధ్యలో బొమ్మను రెండు ముక్కలుగా చూపే వృత్తం ఉంటే ఆ రెండు ముక్కలూ కలిసిపోవాలి.

వ్యూఫైండర్‌లో నల్లని చారలున్నా అవి ఫోటోలో పడవు. సెల్లుల గదిలో పచ్చని చిలుము పొరలా మాత్రమే ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదితో పోతుంది, తీగలను తినేసి ఉంటే పోదు. మీటరును ఫోనులోని లైట్ మీటర్ యాప్‌తో ఒకే గోడ మీద పోల్చండి. ఎప్పుడూ ఒకే తేడా చూపిస్తే ఐఎస్ఓ చక్రాన్ని (ఫిల్మ్ వేగం పెట్టే చక్రాన్ని) ఆ మేరకు మార్చుకుని వాడుకోవచ్చు. ముల్లు గంతులు వేస్తుంటే మీటరు లేదనుకుని ధర కట్టండి. పాత యాషికా ఎలక్ట్రో 35 వంటివి ఇప్పుడు తయారుకాని 5.6 వోల్టుల పాదరసపు సెల్లు కోసం చేసినవి, వాటికి అడాప్టరు కూడా కలిపి ఇస్తారేమో అడగండి.

ఆన్‌లైన్‌లో తప్ప దొరకని పరిస్థితి వస్తే, "పరీక్షించలేదు" అని రాసిన కెమెరాను పాడైన కెమెరాగానే లెక్కించండి. అన్ని వేగాల వీడియో, లెన్సులోంచి టార్చి వేసిన ఫోటో, ఈ మధ్య తీసిన రీలు తాలూకు స్కాన్లు పంపమని అడగండి. అవి ఇవ్వనివారి దగ్గర, తిరిగి తీసుకునే గడువు లేనివారి దగ్గర కొనే కంటే కొత్త ఎం35 కొనుక్కోవడం మేలు. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. పరీక్షించే వీలు లేనివారికీ, కెమెరా గురించి ఆలోచించకుండా పగటిపూట జ్ఞాపకాలు మాత్రమే కావాలనుకునేవారికీ, పిల్లల చేతికి ఇవ్వదలచినవారికీ కొత్తదే సరైన ఎంపిక.

ఏది కొన్నా మొదటి రీలును పెళ్లికో ఉత్సవానికో వాడవద్దు. చవకైన 200 లేదా 400 వేగం రీలు వేసి, ఫ్రేము నంబరు, ఎపర్చర్, షట్టర్ వేగం నోటుపుస్తకంలో రాసుకుంటూ, ఎండలో, నీడలో, వరండాలో, గదిలో తీయండి. కె1000 వంటిదాంట్లో ఒకే గోడను 60, 125, 250, 500 వేగాల్లో, ఎపర్చర్‌ను తగినట్టు మారుస్తూ తీస్తే నాలుగు ఫ్రేములూ ఒకే చిక్కదనంతో రావాలి. వాటిలో ఏది తేడాగా ఉంటే ఆ వేగం అనుమానించదగినది. రీలు తిప్పేటప్పుడు వెనక్కి చుట్టే పిడి కూడా తిరుగుతోందో లేదో గమనించండి, తిరగకపోతే రీలు పట్టుకోలేదని అర్థం, మీరు తీస్తున్న ఫోటోలేవీ పడటం లేదు. ల్యాబుకు పంపేటప్పుడు నెగటివ్‌లు తిరిగి పంపమని స్పష్టంగా రాయండి. ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందా, రంధ్రాల పక్క నుంచి వెలుతురు చారలు వచ్చాయా అన్నవి స్కాన్లలో కాదు, నెగటివ్‌లలోనే కనిపిస్తాయి.

జూన్ నుంచి నవంబరు దాకా, వానలూ తుఫాన్లూ వచ్చే నెలల్లో, కెమెరాను తోలు సంచీలో మూసి ఉంచకండి. బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలను నెలకోసారి మార్చండి లేదా వేడిచేసి ఆరబెట్టండి. నెల రోజుల పాటు వాడకపోతే సెల్లులు తీసేయండి. ఫ్రిజ్‌లో దాచిన రీలును బయటికి తీయగానే డబ్బా మూత తెరవకుండా, గది వేడికి వచ్చేవరకు కొన్ని గంటలు ఆగి, ఆ తర్వాతే కెమెరాలో ఎక్కించండి.